హ్యుమానిటీస్‌లో పీహెచ్‌డీ ఫెలోషిప్: దరఖాస్తు ఎక్కడ దెబ్బతింటుంది

తెలుగు, చరిత్ర, ఇంగ్లిష్, తత్వశాస్త్రం లాంటి సబ్జెక్టుల్లో పీజీ చేసి పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం చూస్తున్నవాళ్ళలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక పనిలో ఉంటారు. జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్, పత్రికలో సబ్ ఎడిటర్, కోచింగ్ సెంటర్‌లో ఫ్యాకల్టీ. పొద్దున ఉద్యోగం, రాత్రి చదువు. ఇలాంటివాళ్ళకు తెలివి తక్కువై ఫెలోషిప్ తప్పిపోవడం నేను పెద్దగా చూడలేదు. పనులు చేయాల్సిన వరసలో చేయక తప్పిపోతుంది. గైడ్‌ను అడగాల్సిన సమయంలో సర్టిఫికెట్ కోసం తిరుగుతుంటారు, లైబ్రరీకి వెళ్ళాల్సిన నెలలో ప్రపోజల్‌కు పేరు వెతుకుతుంటారు.

ముందు డబ్బు సంగతి. హ్యుమానిటీస్‌లో అయిదేళ్ళపాటు నిలకడగా డబ్బు వచ్చే పెద్ద దారి యూజీసీ నెట్ జేఆర్‌ఎఫ్. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) అయ్యాక 42,000. హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ వేరు. కంటింజెన్సీ మొదటి రెండేళ్ళు ఏడాదికి 10,000, తర్వాత 20,500. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 వస్తుంది. హైదరాబాదులో ఆ డబ్బుతో గది అద్దె, మెస్ బిల్లు రెండూ కట్టడం కష్టం. ఇంట్లో మీ జీతం మీద ఆధారపడినవాళ్ళుంటే ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోండి.

నెట్‌లో రెండు పేపర్లు కలిపి 300 మార్కులు, మూడు గంటలు, నెగెటివ్ మార్కింగ్ లేదు. పరీక్ష రాసినవాళ్ళలో సుమారు 6 శాతం మందికే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఇస్తారు. జేఆర్‌ఎఫ్ వచ్చేది అందులోనూ కొద్దిమందికే. అందుకే “పాసైతే చాలు” అన్న తీరుగా చదివితే జేఆర్‌ఎఫ్ రాదు. మనవాళ్ళు ఎక్కువగా పోగొట్టుకునేది మొదటి పేపర్ దగ్గర. సబ్జెక్టు మీద ప్రేమతో రెండో పేపర్ ఆర్నెల్లు చదివి, మొదటి పేపర్‌ను చివరి పది రోజులకు వదిలేస్తారు. అక్కడి 100 మార్కుల్లో డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్ సాధనతో కచ్చితంగా పెరిగే మార్కులు. కటాఫ్ దగ్గర రెండు ప్రశ్నలు కూడా జాతకం మారుస్తాయి.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇంకో విషయం గమనించాలి. తెలుగు సబ్జెక్టు పేపర్ తెలుగులోనే ఉంటుంది. చరిత్ర, రాజనీతి శాస్త్రం, తత్వశాస్త్రం లాంటివి మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు. పీజీ అంతా తెలుగులో రాసిన చరిత్ర విద్యార్థికి విషయం తెలిసినా ప్రశ్న చదివి అర్థం చేసుకోవడంలోనే సమయం పోతుంది. పాత ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్‌లో టైమ్ పెట్టుకుని చేయడమే దీనికి మందు.

వయసు జేఆర్‌ఎఫ్‌కు 30 దాటకూడదు. ఓబీసీ-ఎన్‌సీఎల్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లు, మహిళలకు అయిదేళ్ళ సడలింపు ఉంది. ఈడబ్ల్యూఎస్‌కు రిజర్వేషన్ ఉంది గానీ వయసులో, పీజీ మార్కుల్లో సడలింపు లేదు. వాళ్ళకూ 55 శాతం ఉండాల్సిందే. సర్టిఫికెట్ చేతిలో ఉందన్న ధీమాతో 54 శాతానికి అప్లై చేసి, అంతా అయ్యాక వెరిఫికేషన్‌లో ఆగిపోవడం కంటే ముందే చూసుకోవడం మేలు.

సర్టిఫికెట్ల దగ్గర మన రెండు రాష్ట్రాలవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. బీసీ-ఎ, బీసీ-బి అని మీ దగ్గర ఉన్నది రాష్ట్ర సర్టిఫికెట్. నెట్‌కు కావాల్సింది కేంద్ర ఫార్మాట్‌లో ఇచ్చే ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఎలా రాసి ఉందో చూసుకుని, అదే స్పెల్లింగ్‌తో మీ-సేవలో అప్లై చేయండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడానికే గడువు సరిపోతుంది. పేరు సంగతి కూడా అంతే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పీజీ మెమోలో చివర, ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నవాళ్ళు మనలో లెక్కలేనంతమంది. అప్లికేషన్‌కు ముందే సరిచేయించుకోండి. ఫెలోషిప్ డబ్బు ఆధార్‌తో లింకైన ఖాతాలో పడాలి కాబట్టి ఇది తర్వాత కూడా వెంటాడుతుంది.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో మూడు కేటగిరీలు వచ్చాయి. మొదటిది జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ అడ్మిషన్. మూడోది పీహెచ్‌డీ అడ్మిషన్ మాత్రమే. చివరి రెండింటిలో వచ్చిన స్కోరు అడ్మిషన్‌కు ఒక్క ఏడాదే పనికొస్తుంది, దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. “మళ్ళీ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటాను” అని చేతిలో ఉన్న స్కోరును వాడకుండా ఆ ఏడాది పోగొట్టుకుంటున్నవాళ్ళున్నారు. అడ్మిషన్ తీసుకుని కూడా నెట్ రాయొచ్చు. వయసు ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా రాయొచ్చు. రాష్ట్రాల సెట్ పరీక్షలు లెక్చరర్ అర్హత ఇస్తాయి గానీ జేఆర్‌ఎఫ్ ఇవ్వవు. ఈ తేడా తెలియక సెట్ రాసి ఫెలోషిప్ కోసం ఎదురుచూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక ప్రపోజల్. ఇంటర్వ్యూలో గెలుపోటములు తేలేది ఇక్కడే. ఐసీహెచ్‌ఆర్, ఐసీఎస్‌ఎస్‌ఆర్, ఐసీపీఆర్ లాంటి సంస్థలకు సినాప్సిస్ పంపినప్పుడూ చూసేది ఇదే. మన యూనివర్సిటీల్లో బాగా అలవాటైన మూస ఒకటుంది: ఫలానా రచయిత జీవితం-సాహిత్యం, ఫలానా నవలలు సమగ్ర పరిశీలన. ఇంటర్వ్యూ బోర్డు ఇలాంటివి వందల్లో చూసి ఉంటుంది. థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉండే శోధ్‌గంగలో వెతికితే అదే రచయిత మీద అదే పేరుతో రెండు మూడు థీసిస్‌లు కనబడినా ఆశ్చర్యం లేదు. “సమగ్రం” అన్నప్పుడు ఏ ప్రశ్నా లేదని బోర్డుకు అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో గెస్ట్ లెక్చరర్‌గా ఉన్న ఒకామె “స్వాతంత్ర్యానికి ముందు తెలుగు పత్రికల్లో స్త్రీలు” అని ప్రపోజల్ రాసిందనుకోండి. విషయం మంచిదే. కానీ 1902లో మొదలైన హిందూ సుందరి నుంచి 1947 దాకా ఎన్ని పత్రికలు, ఎన్ని వేల పేజీలు! మూడేళ్ళలో ఎవరూ చదవలేరు, బోర్డులో అందరికీ ఆ సంగతి తెలుసు. అదే ఆమె ఒక్క పత్రిక పట్టుకుంటే? కె.ఎన్. కేసరి 1928లో మద్రాసులో గృహలక్ష్మి ప్రారంభించారు. ఆయన ఆయుర్వేద వైద్యుడు. కేసరి కుటీరం పేరుతో మందుల వ్యాపారం ఉండేది, స్త్రీల కోసం తయారుచేసిన లోధ్ర దాంట్లో పేరుమోసిన మందు. మందులు అమ్మే వైద్యుడే స్త్రీల పత్రిక నడిపితే, ఆ పత్రికలో ఇల్లాలి ఆరోగ్యం గురించిన వ్యాసాలు ఏం చెప్పాయి? పక్క పేజీలోని ప్రకటనకూ, ఆ వ్యాసానికీ సంబంధం ఉందా? రాసిన స్త్రీలు వైద్యుడితో ఏకీభవించారా? ఇప్పుడు ప్రశ్న పుట్టింది. మొదటి పదేళ్ళ సంచికలు అని హద్దు పెడితే పని కూడా చేతికి అందుతుంది.

ఇక్కడితో ఆగితే సగమే అయినట్టు. ఆ సంచికలు ఎక్కడున్నాయి? ఈ ప్రశ్నకు “లైబ్రరీల్లో దొరుకుతాయి” అనేది జవాబు కాదు. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్లకు దరఖాస్తు చేయకముందే వెళ్ళి, ఏ ఏడాది సంచికలు ఉన్నాయి, ఏవి లేవు, ఏవి ముట్టుకుంటే చిరిగేలా ఉన్నాయి, స్కాన్ చేసుకోనిస్తారా అన్నది నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ప్రపోజల్‌లో “1933 సంచికలు ఫలానా చోట దొరకలేదు, ఫలానా చోట వెతకాలి” అన్న ఒక్క వాక్యం పది పేజీల సిద్ధాంత చర్చ కంటే బలంగా పనిచేస్తుంది. ఈ మనిషి పని మొదలుపెట్టేసిందని బోర్డుకు తెలుస్తుంది. ఉద్యోగం చేసేవాళ్ళకు ఇది రెండు మూడు ఆదివారాల పని, దసరా సెలవుల పని. లైబ్రరీ ఏ రోజు తెరిచి ఉంటుందో ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

చరిత్రవాళ్ళకు ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. నిజాం కాలపు భూమి శిస్తు మీద పని చేస్తానంటారు. తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో రికార్డులు ఉన్నాయి, కానీ వాటిలో చాలా భాగం ఫార్సీ, ఉర్దూల్లో ఉన్నాయి. “మీకు ఉర్దూ వచ్చా?” అన్న ప్రశ్న బోర్డులో తప్పకుండా వస్తుంది. రాకపోతే రాదని చెప్పి, మొదటి ఏడాది ప్రణాళికలోనే భాష నేర్చుకోవడానికి సమయం పెట్టి చూపించాలి. ఇప్పటికే క్లాసులో చేరి ఉంటే ఇంకా మంచిది. తెలుగు, ఇంగ్లిష్ ఆధారాలతో సరిపెట్టేస్తానంటే ఆ ఆధారాలకు తగ్గట్టు ప్రశ్నను కూడా మార్చుకోవాలి. పెద్ద ప్రశ్న పెట్టుకుని చిన్న ఆధారాలతో వెళ్ళడమే ఎక్కువమంది చేసే పొరపాటు.

గైడ్ విషయంలో మొహమాటం పనికిరాదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిదిమందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్ళ లోపు ఉన్నవాళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మీరు అభిమానించే పెద్దాయన ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంటే ఆయన పేరు ప్రపోజల్‌లో రాయడం వృథా. “సార్, మీ దగ్గర ఈ ఏడాది ఖాళీ ఉందా?” అని సూటిగా అడగండి. మెయిల్ పెడితే మీ ప్రశ్న నాలుగు వాక్యాల్లో, ఆధారాల సంగతి రెండు వాక్యాల్లో, జతగా ఒక పేజీ నోటు. ముప్పై పేజీల పీజీ ప్రాజెక్టు పంపితే ఎవరూ తెరవరు. నెలన్నర వరకు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, ఇంకొకరిని చూసుకోండి. ఇక రికమెండేషన్ లెటర్ సంగతి. మీకు ఏ పాఠం చెప్పారో కూడా గుర్తులేని డీన్ సంతకం కంటే మీ సెమినార్ పేపర్ దిద్దిన టీచర్ ఇచ్చే లెటర్ విలువైనది. ఆ లెటర్ అడిగేటప్పుడు ప్రపోజల్ కాపీ, గడువు తేదీ రెండూ కలిపి ఇవ్వండి.

ఒకే దారి మీద బరువంతా పెట్టకండి. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపేస్తున్నట్టు 2022 డిసెంబర్‌లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. దాన్ని నమ్ముకుని సిద్ధమైనవాళ్ళు ఒక్కరోజులో దారి మార్చుకోవాల్సి వచ్చింది. 2024 జూన్ 18న జరిగిన నెట్‌ను మర్నాడే రద్దుచేసి, మళ్ళీ ఆగస్టు, సెప్టెంబర్లలో పెట్టారు. అప్పటికే ఉద్యోగం మానేసినవాళ్ళకు ఆ రెండు నెలలు ఎంత భారమో ఊహించుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు ప్రత్యేక నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. వాటికి వేర్వేరు మంత్రిత్వ శాఖల నిబంధనలు, వేర్వేరు గడువులు. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాదే చదవాలి. సీనియర్ చెప్పిన మాటను, నేను చెప్పిన మాటను కూడా, నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి. పీహెచ్‌డీలో రిజిస్టర్ అయ్యాక ఐసీహెచ్‌ఆర్, ఐసీఎస్‌ఎస్‌ఆర్ లాంటివి, ఏడాది దాటాక అమెరికాలో కొన్ని నెలలు పని చేయడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ అందుబాటులోకి వస్తాయి. ఒకే సమయంలో రెండు ఫెలోషిప్‌ల డబ్బు తీసుకోవడం మాత్రం కుదరదు.

జేఆర్‌ఎఫ్ వచ్చి చేరాక డబ్బు మర్నెల ఒకటో తారీఖున పడుతుందనుకోవద్దు. జాయినింగ్ రిపోర్ట్ యూనివర్సిటీ నుంచి ఫెలోషిప్ పోర్టల్‌లోకి ఎక్కాలి, ఆ తర్వాత ప్రతి నెలా మీ హాజరును యూనివర్సిటీ ధ్రువీకరించాలి. సంబంధిత క్లర్క్ సెలవులో ఉంటే ఆ నెల ఆగుతుంది. మొదటి మొత్తం రావడానికి నెలలు పట్టడం మామూలే. కనీసం ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకోండి, ఈఎంఐలు ఉంటే ఇంకాస్త ఎక్కువ. ప్రతి కాగితం ఇచ్చినప్పుడు తేదీ ముద్రతో ఎక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. రెండేళ్ళయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్ దానంతటదే రాదు. కమిటీ మీ పని చూసి సిఫార్సు చేయాలి. ఆ తేదీకి రెండు నెలల ముందే ఫైలు కదిలించకపోతే పాత రేటు మీదే ఉండిపోతారు.

ఫెలోషిప్ అయిదేళ్ళు, రిజిస్ట్రేషన్ గడువు మామూలుగా ఆరేళ్ళు. కోర్స్‌వర్క్ నెలలు కూడా ఆ అయిదేళ్ళలోనే పోతాయి. చివరి ఏడాది డబ్బు లేకుండా థీసిస్ రాయాల్సి వస్తుందని ముందే లెక్కలో పెట్టుకుంటే ఫీల్డ్‌వర్క్‌ను మూడో ఏడాది దాటి లాగరు.

ఇప్పుడున్న ఉద్యోగాన్ని ఎప్పుడు వదలాలన్నది అందరూ అడిగే ప్రశ్న. అడ్మిషన్ లెటర్ చేతికి వచ్చి, ఫీజు కట్టి, గైడ్ కేటాయింపు కాగితం మీద పడ్డాకే రాజీనామా ఇవ్వండి. పర్మనెంట్ ఉద్యోగమైతే ముందు స్టడీ లీవ్, జీతం లేని సెలవు గురించి ఆఫీసులో కనుక్కోండి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి ఆఫీసు ఎన్‌ఓసీ కావాలి, దానికి సాధారణంగా ఫెలోషిప్ ఉండదు. రిలీవింగ్ లెటర్‌లోని తేదీ, ఫెలోషిప్ జాయినింగ్ తేదీ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోండి. ఒకే వారానికి జీతమూ ఫెలోషిప్పూ రెండూ తీసుకున్నట్టు ఆడిట్‌లో తేలితే ఆ డబ్బు వెనక్కి కట్టమంటారు, అది తేలేదాకా మిగతా నెలలవీ ఆగిపోతాయి.