మొటిమలకు ఇంజెక్షనా? లేజరా?



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని వార్డెన్ గారు చెప్పినప్పుడు 7వ గదిలో ఉండే మేము ముగ్గురం చాలాసేపు ఆలోచించాం. మాలో ఇద్దరిది బి.ఫార్మసీ, ఒకరిది నర్సింగ్. ఎయిడ్స్ గురించి, రక్తదానం గురించి, పొగాకు గురించి పాత సంచికల్లో వ్యాసాలు వచ్చేశాయి. చివరికి మొటిమల గురించి రాద్దామనుకున్నాం.

"ఇదీ ఒక సబ్జెక్టేనా?" అని నవ్వేవాళ్ళు ఒకసారి పోయిన సంచికలోని గ్రూపు ఫోటో తీసి చూడండి. రెండో వరుసలో ఒక తమ్ముడు ఉండాలి. లేడు. ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజు కడుపునొప్పి అని చెప్పి గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అది కడుపునొప్పి కాదని మనందరికీ తెలుసు. అతనికి "సీతాఫలం" అని పేరు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఆ తమ్ముడు ఎవరికీ చెప్పకుండా రెండు పనులు చేశాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ ఊరి దగ్గర ఒకాయన చేత మొటిమ మీద సూది వేయించుకున్నాడు. స్కాలర్‌షిప్ డబ్బు పడగానే టౌన్‌లో ఒక బోర్డు చూసి లేజర్‌కి వెళ్ళాడు. మొదటిదానితో చెంప మీద గుంట పడింది. రెండోదానితో ముఖం నిండా నల్లమచ్చలు వచ్చాయి, 4,500 రూపాయలు పోయాయి. అలాగని ఈ రెండు వైద్యాలూ బూటకం కావు. ఏది దేనికో తెలియకపోవడమే అసలు ఇబ్బంది. అతని అనుమతితోనే రాస్తున్నాం, పేరు మాత్రం వద్దన్నాడు.

ముందు మొటిమ సంగతి

మన చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా తైల గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్ల ప్రభావం వల్ల ఈ గ్రంథులు పెరిగి జిడ్డును ఎక్కువగా తయారుచేస్తాయి. రాలిపోవలసిన చర్మకణాలు ఆ జిడ్డుతో కలిసి రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. లోపల మామూలుగా ఉండే ఒక రకం బాక్టీరియా అక్కడ పెరుగుతుంది, దానితో వాపు, ఎరుపు, చీము. వాపు లోతుగా దిగితే గట్టి గడ్డ అవుతుంది. అది మానేటప్పుడు మచ్చో గుంటో మిగిలిపోతుంది. అంటే మనం మాట్లాడుకునేది రెండు వేరువేరు స్థితుల గురించి. ఒకటి ఇప్పుడు రగులుతున్న మొటిమ. రెండోది ఎప్పుడో మానిపోయిన మొటిమ వదిలి వెళ్ళిన గుంట. ఈ తేడా గుర్తుంటే మిగతా వ్యాసమంతా సులభం.

(మెస్సులో తిన్న నూనె నేరుగా ముఖం మీదికి రాదు. కాబట్టి వంటమాస్టర్ గారిని ఈ ఒక్క విషయంలో తిట్టనక్కరలేదు. సబ్బుతో రోజుకు ఆరుసార్లు రుద్దడం వల్ల కూడా లాభం లేదు, చర్మం ఎండిపోతుందంతే.)

ఇంజెక్షన్ అంటే

మొటిమలకు డాక్టర్లు వేసే ఇంజెక్షన్ చేతికో నడుముకో వేసేది కాదు. ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్‌ను సన్నటి సూదితో నేరుగా గడ్డలోకే ఒక చుక్క ఎక్కిస్తారు. స్టెరాయిడ్ వాపును అణుస్తుంది. రెండు మూడు రోజుల్లో గడ్డ అణిగిపోతుంది, నొప్పి తగ్గుతుంది, లోతైన మచ్చ పడే అవకాశం కూడా తగ్గుతుంది. పెద్ద గడ్డలు ఒకటో రెండో ఉన్నవారికి ఇది చాలా మంచి ఉపాయం. ముఖమంతా చిన్న చిన్న మొటిమలు ఉన్నవారికి పనికిరాదు. పైగా కొత్త మొటిమలు రాకుండా ఇది ఆపలేదు.

ఇక్కడ మా ఫార్మసీ లెక్క ఒకటి చెప్పాలి. ఈ మందు సీసాలు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, 40 మిల్లీగ్రాముల బలంతో దొరుకుతాయి. ముఖం మీది గడ్డకు సాధారణంగా కావలసింది మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు. అంటే 40 బలం ఉన్న మందు ఒక వంతు తీసుకుంటే సెలైన్ 15 వంతులు కలపాలి. 10 బలం ఉన్నదైతే ఒక వంతుకు మూడు వంతులు కలపాలి. గడ్డకు వేసేది 0.1 మిల్లీలీటరో, అంతకన్నా తక్కువో. కలపకుండా 40 బలంతో వేస్తే 16 రెట్లు ఎక్కువ మందు పడినట్టు. అప్పుడు కింద ఉన్న కొవ్వు, చర్మం కృశించి గుంట పడుతుంది, అక్కడ రంగు కూడా తగ్గవచ్చు. మన తమ్ముడికి వేసిన మందు ఏమిటో, ఎంత కలిపారో చీటీ మీద రాసి లేదు. అసలు చీటీయే లేదు. ఇలాంటి గుంటలు చాలావరకు కొన్ని నెలల్లో పూడతాయి గానీ, అందరికీ పూర్తిగా పూడతాయన్న హామీ లేదు.

మరి 40 బలం ఎందుకు తయారుచేస్తారని అడగవచ్చు. మొటిమ మానిన చోట, ముఖ్యంగా దవడ, ఛాతీ, భుజాల మీద కొందరికి మచ్చ గుంట పడకుండా ఉబ్బి గట్టిగా పెరుగుతుంది. దాన్ని కీలాయిడ్ అంటారు. అక్కడ చర్మాన్ని కృశింపజేయడమే కావాలి కనుక బలమైన మందునే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వేస్తారు. మొటిమ దగ్గర చెడు చేసిన గుణమే కీలాయిడ్ దగ్గర మేలు చేస్తుంది.

లేజర్ అంటే

మొట్టమొదటి లేజర్‌ను 1960లో థియోడర్ మైమన్ పనిచేయించి చూపాడు. ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి అది. ఏ తరంగదైర్ఘ్యాన్ని చర్మంలోని ఏ పదార్థం పీల్చుకుంటుందో దాన్నిబట్టి పని జరుగుతుంది. గుంటలకు ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600 నానోమీటర్లది. దాన్ని చర్మంలోని నీరు పీల్చుకుంటుంది. ఫ్రాక్షనల్ పద్ధతిలో ఆ కాంతిని జల్లెడ కన్నాల్లా విడగొట్టి, కంటికి కనపడనంత సన్నని గాయాలు చేస్తారు. మధ్య మధ్య చర్మాన్ని వదిలేస్తారు. ఆ వదిలిన చర్మం నుంచి గాయం త్వరగా మానుతుంది, మానేటప్పుడు కొత్త కొలాజెన్ తయారై గుంట కొంత పైకి లేస్తుంది.

"కొంత" అన్న మాటను గమనించండి. బోర్డుల మీద ఆ మాట ఉండదు. ముందు మత్తు క్రీము రాసి సుమారు గంట ఆగాలి, తర్వాత వారం దాకా ముఖం ఎర్రగా, పొక్కులు కట్టి ఉంటుంది, ఎండ తగలకూడదు. నెలకో అంతకంటే ఎక్కువ వ్యవధితోనో పలుమార్లు చేయించుకోవాలి. అన్ని సిట్టింగులైనా చర్మం మునుపటిలా అద్దంలా అవదు. సూదితో గుచ్చినట్టుండే సన్నని లోతు గుంటలకు లేజర్ అంతగా పనిచేయదు. వాటికి గాఢమైన ఆమ్లాన్ని చుక్కగా పెట్టే పద్ధతి ఉంది. వెడల్పు గుంటలకు లోపలి పోగులను సూదితో తెంపే చిన్న ఆపరేషన్ చేస్తారు. ఈ రెండూ లేజర్ కంటే తక్కువ ఖర్చువి.

రగులుతున్న మొటిమలకే లేజర్ లేదా అంటే, ఉంది. తైల గ్రంథిని వేడిచేసే 1726 నానోమీటర్ల లేజర్‌కు అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అయితే అక్కడి చర్మవైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మొటిమలకు లేజర్‌ను సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవన్నారు. పెద్ద గడ్డలకు స్టెరాయిడ్ సూదిని మాత్రం సమ్మతించారు.

మరో ముఖ్య విషయం మన రంగు. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. అది ఎండ నుంచి మనల్ని కాపాడేదే గానీ, చర్మానికి వేడి, గాయం తగిలితే నల్లమచ్చలు వేయడంలో కూడా ముందుంటుంది. అందుకే మనలాంటి చర్మానికి లేజర్ శక్తిని తగ్గించి, జాగ్రత్తగా వాడాలి. ఇంకా చీము మొటిమలు ఉండగానే, గుంటల లేజర్ చేయడం కూడా సరికాదు. తమ్ముడి విషయంలో ఈ రెండూ జరిగాయి. అక్కడ అతన్ని చూసినాయన డాక్టరో కాదో కూడా అడగలేదట.

కనుక లేజరా, ఇంజెక్షనా అన్న పోటీయే లేదు. సూది ఇవాళ్టి గడ్డకు, లేజర్ నిన్నటి గుంటకు. మనలో చాలామందికి మొదట ఈ రెండూ అక్కరలేదు. పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి బఠాణీ గింజంత అడాపలీన్, మొటిమ మీదే కాకుండా ముఖమంతా పల్చగా. అవసరమైతే డాక్టర్ కొన్నాళ్ళు డాక్సిసైక్లిన్ ఇస్తారు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, మొదట్లో చర్మం పొడిబారుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే తువ్వాలు, దిండు గలేబు రంగు పోతాయి, పక్కవాడి తువ్వాలు వాడకండి. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భిణులు వాడితే బిడ్డకు తీవ్ర హాని. బాలికల హాస్టల్లోని సోదరీమణులు డాక్టర్ లేకుండా వాటి జోలికి పోవద్దు. తెల్లబడటానికని షాపుల్లో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములైతే రోజూ రాస్తే చర్మాన్ని పల్చన చేసి కొత్త మొటిమలు తెస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. అయినా మన కాస్మెటిక్ చార్జీలు కొన్ని అటే పోతున్నాయి.

చివరికి అతన్ని మేమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తలుపు మీద "చర్మ, సుఖవ్యాధుల విభాగం" అని బోర్డు ఉంది. అది చదివి, తెలిసినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని వెనక్కి తిరిగాడు. రెండు జబ్బులకూ ఒకే విభాగం కావడం మామూలు విషయమే. మాలో ఒకడు తన చుండ్రుకని ఇంకో ఓ.పి. చీటీ రాయించుకుని అతని ముందు నిలబడితే గానీ లైనులోకి రాలేదు. డాక్టరమ్మ గారు గుంటను వేలితో తడిమి చూసి, ఇది కొంతకాలం ఆగి చూద్దాం, ముందు మొటిమలు ఆగాలి, లేజర్ మాట తర్వాత అన్నారు. క్రీములు, మాత్రలు ఆసుపత్రిలోనే ఇచ్చారు, ఒక క్రీము మాత్రం బయట కొన్నాం. ఇప్పుడు మూడో నెల. గడ్డం మీద ఇంకా నాలుగైదు ఉన్నాయి, చెంపలు తేరుకున్నాయి.

ఓ.పి.కి పొద్దున తొమ్మిదికల్లా చేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడేవాళ్ళు ముందు రోజు రాత్రి 7వ గదికి వచ్చి చెప్పండి. మాలో ఒకరం తోడు వస్తాం. చుండ్రు ఇంకా తగ్గలేదు.