కాలువ కథ ఎవర్ని అడగాలి?

నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఊరికి తూర్పున సముద్రం. పడమట బకింగ్‌హామ్ కాలువ.

పొద్దుగూకే వేళకు అమ్మ చేపల తట్ట దించింది. కూతురు ముఖం చిన్నబుచ్చుకుని కూచుని ఉంది. ఆ పాప ఎనిమిదో తరగతి.

"ఏందిమ్మా, అట్టా ఉండావు?"

"బళ్లో ప్రాజెక్టు పని ఇచ్చారు. మన కాలువ గురించి రాసుకు రమ్మన్నారు. పది రోజులే గడువు. గైడులో చూసి రాద్దామంటే అందులో మన కాలువ లేదు."

"నేను సాయం చేసేదా?"

"నీకేం తెలుస్తుందిలే అమ్మా."

ఆ మాట అమ్మకు గుచ్చుకుంది. ఆమె అక్షరాలు నేర్చింది నిరుడే, రాత్రి బడిలో. అయినా కోప్పడలేదు.

"నోటుబుక్కు తీయి. నేను చేపలకు పోయేముందు ఏం చేస్తాను? ఏ రేవుకు పోవాలి, ఎంత ఐసు కావాలి, ఏ బస్సుకు రావాలి, అన్నీ అనుకుని పోతాను. నీ పనీ అంతే."

ముందు ప్రశ్న

"కాలువ గురించి అంటే సముద్రమంత పని. ఒక్క ప్రశ్న పట్టుకో" అంది అమ్మ.

పాప ఆలోచించి రాసింది: "కాలువ వల్ల మన ఊరికి ఏం మేలు?" దాని కింద మూడు చిన్న ప్రశ్నలు రాసింది.

1. కాలువ ఎప్పుడు తవ్వారు?
2. పడవలు ఎందుకు ఆగిపోయాయి?
3. సునామీ నాడు కాలువ ఏం చేసింది?

తర్వాత మనుషులు, రోజులు

ఏ ప్రశ్న ఎవరిని అడగాలో ఇద్దరూ అనుకున్నారు. పడవల సంగతి అవ్వకు తెలుసు. తవ్విన సంవత్సరం పుస్తకంలో దొరుకుతుంది. సునామీ సంగతి ఊరంతా చూసింది.

అడగడానికి నాలుగు రోజులు. గ్రంథాలయానికి ఒక రోజు. కాలువ గట్టు వెంట నడిచి చూడ్డానికి ఒక రోజు. రాయడానికి మూడు రోజులు. తప్పులు దిద్దుకోడానికి ఒక రోజు. మొత్తం పది.

"ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాసుకో. లేకుంటే రేపు మర్చిపోతావు" అంది అమ్మ.

ఏం తెలిసింది?

అవ్వ చెప్పింది: "నా చిన్నతనంలో పడవల్లో ఉప్పు, కట్టెలు మద్రాసుకు పోయేవి. గాలి లేకుంటే గట్టు మీద నడుస్తా తాడుతో లాగేవాళ్లు. భుజాలు కాయలు కాసేవి."

తర్వాత లారీలు వచ్చాయి. కాలువలో పూడిక పేరుకుంది. తుఫానులు గట్లను దెబ్బతీశాయి. పడవలు ఆగిపోయాయి.

పక్కింటి తాత వేరే మాట చెప్పాడు. "బకింగ్‌హామ్ దొర ఒక్కడే కాలువంతా తవ్వించాడు" అన్నాడు. గ్రంథాలయంలో పుస్తకం చూస్తే అది నిజం కాదని తేలింది. 1806లో మద్రాసుకు ఉత్తరాన పని మొదలైంది. కొక్రేన్ అనే దొర మొదలుపెట్టించాడు. తర్వాత చాలా ఏళ్లపాటు కొంచెం కొంచెంగా పొడిగించారు. 1876-78లో పెద్ద కరువు వచ్చింది. అప్పుడు మద్రాసులో కొంత భాగాన్ని కరువు పనిగా తవ్వించారు. ఆకలితో ఉన్నవాళ్లు కూలికి మట్టి మోశారు. ఆనాటి గవర్నరు బకింగ్‌హామ్. 1878లో ఆయన పేరు పెట్టారు. మొత్తం కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అది మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ ఉంది.

"తాత అబద్ధం చెప్పాడా అమ్మా?"

"లేదమ్మా. విన్నది చెప్పాడు. అందుకే ఒక్కర్నే అడిగి రాయకూడదు. అవ్వకు సంవత్సరం తెలీదు. పుస్తకానికి అవ్వ భుజం నొప్పి తెలీదు. రెండూ కావాలి."

మూడో ప్రశ్న పాప అమ్మనే అడిగింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"2004 డిసెంబరు 26. ఆదివారం పొద్దున. సముద్రం లేచి వచ్చింది. మేం పరుగెత్తాం. నీళ్లు పోయి కాలువలో పడ్డాయి. కాసేపటికి తగ్గాయి."

ఆ తర్వాత కాలువను పరిశీలించిన నిపుణులూ ఈ మాటే చెప్పారు. సునామీ నీళ్లను కాలువ తనలోకి తీసుకుంది. అలల దెబ్బ తగ్గింది. చాలామంది జాలర్లు బతికారు.

పాప గట్టు వెంట నడిచింది. కాలువలో పూడిక, తుమ్మ చెట్లు, చెత్త. చూసింది చూసినట్టు రాసుకుంది.

పదో రోజు రాత్రి అమ్మ ఆ కాగితాలను కూడబలుక్కుంటూ చదివింది. చివర పాప ఇలా రాసింది: "కాలువ పూడిపోతే, ఇంకోసారి సముద్రం వచ్చినప్పుడు ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

అమ్మ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. "ఇది బడికే కాదు. గ్రామసభలో కూడా అడగాల" అంది.

ఆలోచించండి, మాట్లాడండి

1. పాప పెద్ద ప్రశ్నను మూడు చిన్న ప్రశ్నలుగా ఎందుకు చేసింది?
2. తాత మాట, పుస్తకం మాట ఎక్కడ తేడా వచ్చాయి?
3. మీ ఊళ్లో చెరువు, కాలువ, బావి దేని గురించైనా ఒక ప్రశ్న రాయండి. ముగ్గురిని అడగండి. ఎవరు ఏం చెప్పారో రాయండి.