మాట ఎవరిది?

రచయిత నాటకాన్ని రాస్తాడు. నటుడు దానికి గొంతునిస్తాడు. ఒక్క మాట దగ్గర ఆ ఇద్దరికీ పొసగకపోతే ఏమవుతుంది?

చార్లెస్ గిల్పిన్ 1878లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో జన్మించాడు. ఆయన నల్లజాతివాడు. ఆ రోజుల్లో పెద్ద నాటకశాలల్లో నల్లవారికి గంభీరమైన పాత్రలు దొరకడం అరుదు. తెల్లవారే ముఖానికి నల్లరంగు పూసుకొని నల్లవారి వేషాలు వేసేవారు. గిల్పిన్ పొట్టకూటికి అచ్చాఫీసులో పనిచేశాడు, లిఫ్టు నడిపాడు. అయినా నటన మానలేదు.

1920 నవంబరులో యూజీన్ ఓనీల్ రచించిన 'ఎంపరర్ జోన్స్' నాటకాన్ని న్యూయార్కులో ప్రదర్శించారు. జోన్స్ జైలు నుంచి తప్పించుకొని ఒక దీవికి చక్రవర్తి అవుతాడు. ప్రజలు తిరగబడగా అడవిలోకి పారిపోతాడు. రాత్రంతా భయంతో పరుగెత్తి, చివరకు ప్రాణాలు కోల్పోతాడు. నాటకంలో చాలాభాగం అతడొక్కడే మాట్లాడాలి. గిల్పిన్ ఆ భారాన్ని ఒంటరిగా మోశాడు. చిన్న నాటకశాలలో మొదలైన ప్రదర్శన బ్రాడ్‌వేకు చేరింది.

1921లో న్యూయార్క్ డ్రామా లీగ్ ఆ ఏటి పదిమంది ఉత్తమ రంగస్థల వ్యక్తుల్లో గిల్పిన్‌ను ఎంపిక చేసింది. నల్లవాణ్ణి విందుకు పిలవడంపై వివాదం రేగింది. అప్పుడు ఓనీలే ముందుకు వచ్చి, గిల్పిన్‌ను పిలవకపోతే మీరూ వెళ్లవద్దని తక్కిన కళాకారులను కోరాడు. గిల్పిన్ విందుకు వెళ్లాడు. సభ కరతాళధ్వనులతో మారుమోగింది.

అయితే ఆ నాటకంలో నల్లవారిని కించపరిచే మాట ఒకటి పదేపదే వస్తుంది. ప్రతి రాత్రీ తన నోటితోనే తన జాతిని కించపరచడం గిల్పిన్‌కు మింగుడుపడలేదు. దాని స్థానంలో ఆ కాలంలో మర్యాదగా భావించే మాటలు పలకసాగాడు. తాను రాసినది మార్చినందుకు ఓనీల్ మండిపడ్డాడు. వారి మధ్య దూరం పెరిగింది. 1925లో లండన్ ప్రదర్శనకు ఆ పాత్ర పాల్ రోబ్సన్‌కు దక్కింది. గిల్పిన్ 1930లో కన్నుమూశాడు.

1936లో నోబెల్ బహుమతి అందుకున్న ఓనీల్, 1946లో తన నాటకాలను తలచుకుంటూ ఒక మాట అన్నాడు. తాను ఊహించిన పాత్రను పూర్తిగా రంగస్థలం మీద నిలిపిన నటుడు ఒక్కడేనని, అతడు గిల్పిన్ అని చెప్పాడు. ఆ మాట వినడానికి గిల్పిన్ లేడు.

అర్థాలు
పొసగు = కుదురు
కించపరచు = చిన్నబుచ్చు
కరతాళధ్వనులు = చప్పట్లు

ప్రశ్నలు
1. విందు విషయంలో ఓనీల్ ఏమి చేశాడు?
2. గిల్పిన్ మాటను ఎందుకు మార్చాడు?
3. రచయిత మాటను మార్చే హక్కు నటుడికి ఉందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.