రెండు మాత్రలివ్వండి అనే ముందు

విశాఖలో గాజువాకలోనో కంచరపాలెంలోనో షిఫ్టు దిగే వేళ మందుల షాపు దగ్గర నిలబడితే తరచూ వినపడే మాట: "ఒళ్లు వెచ్చగా ఉంది, రెండు మాత్రలివ్వండి." ఆసుపత్రికి వెళ్తే ఆ పూట కూలి పోతుంది. కాంట్రాక్టు పనివాణ్ని దీనికి తిట్టి లాభం లేదు. కానీ ఆ రెండింటిలో ఒకటి యాంటీబయాటిక్ అయితే, దానికి లొంగే బాక్టీరియా చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. అలాంటి మొండి బాక్టీరియా 2019లో ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని లాన్సెట్ పత్రిక అధ్యయనం అంచనా వేసింది.

చేయకూడనివి

జలుబుకీ, ఫ్లూకీ, డెంగీకీ యాంటీబయాటిక్ అడగొద్దు. అవి వైరస్ జబ్బులు, ఈ మందు వాటి జోలికే పోదు.

నీళ్ల విరేచనాలు మొదలవగానే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర వేసేసుకోవడం మన దగ్గర బాగా అలవాటు. చాలాసార్లు దాని అవసరమే ఉండదు. ముందు ఓఆర్ఎస్ తాగించండి, పిల్లలకైతే జింకు కూడా. రక్తం పడినా, జ్వరం తోడైనా డాక్టరు దగ్గరకే.

పనిలో దెబ్బ తగిలితే క్యాప్సూల్ విప్పి పొడి చల్లకండి. సబ్బు, ధారగా నీళ్లు, ధనుర్వాతం (టీటీ) ఇంజెక్షన్ సంగతి కనుక్కోవడం: మొదట చేయాల్సింది ఇదే.

చేయవలసినవి

మాత్రల షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లున్న షెడ్యూల్ హెచ్1 జాబితాలోని మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని నిబంధన. షాపువాళ్లు చీటీ అడిగితే విసుక్కోకండి, వాళ్లు చేస్తున్నది సరైన పని.

మూత్రంలో మంట, తగ్గని జ్వరం లాంటి వాటికి డాక్టరు కల్చర్ పరీక్ష (శాంపిల్‌లోని బాక్టీరియాను పెంచి చూడటం) రాస్తే, మొదటి మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వండి. ముందే రెండు మాత్రలు మింగితే సీసాలో బాక్టీరియా మొలవకపోవచ్చు. అప్పుడు జబ్బు లోపలే ఉంటుంది, రిపోర్టు మాత్రం ఏమీ లేదంటుంది. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో మందుల పేర్ల పక్కన 'ఎస్' అంటే ఆ మందు పనిచేస్తుంది, 'ఆర్' అంటే చేయదు. ఆ కాగితం పారేయకండి, ఫోనులో ఫొటో తీసి ఉంచండి. మరోసారి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో మరో ఆసుపత్రికో వెళ్లాల్సి వస్తే డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి. తగ్గిందని మధ్యలో మానొద్దు, మంచిదని పొడిగించనూ వద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించుకోండి. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. టీబీ మందు మధ్యలో వదిలేస్తే మామూలు టీబీ కాస్తా మొండి టీబీ అయ్యే ప్రమాదం ఉంది.

రొయ్యల చెరువులున్నవాళ్లకు ఒక్క మాట. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ కూడా వైరస్ జబ్బే, మేతలో యాంటీబయాటిక్ కలిపితే డబ్బు దండగ. పైగా నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ అవశేషాలు దొరికితే యూరప్‌లో సరుకు వెనక్కి కొట్టేస్తారు. రొయ్య పిల్లలకు వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించి మరీ చెరువులో వదలండి.