పిల్లల అంటువ్యాధులు: మాటల అర్థం, మన బాధ్యత

పిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. మన బిడ్డ పక్కన బెంచీ మీద కూర్చునే ఇతరుల బిడ్డల క్షేమం కూడా ఒక విధంగా మన చేతుల్లోనే ఉంది. ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చి ఒంటి మీద పొక్కులు కనిపించినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. కాని అలాంటి సమయంలో రెండు తప్పులు తరచుగా జరుగుతుంటాయి. పరీక్షలు పోతాయనో, నలుగురికీ తెలుస్తుందనో జబ్బును దాచిపెట్టి బిడ్డను బడికి, మక్తబ్‌కు పంపడం మొదటిది. అంటని జబ్బుకు భయపడి ఇతరుల బిడ్డను దూరం పెట్టడం రెండవది. మొదటిది ఇతరులకు హాని, రెండవది అన్యాయం. డాక్టరుగారు, పంతులమ్మ వాడే మాటల అర్థం సరిగా తెలిస్తే ఈ రెండింటి నుంచీ తప్పించుకోవచ్చు.

ధర్మం ఏమంటోంది?

అంటువ్యాధి అనేదే లేదని హదీసులో ఉంది కదా, మరి జాగ్రత్తలెందుకని కొందరు అడుగుతారు. జబ్బు దైవాజ్ఞతో నిమిత్తం లేకుండా తనంతట తానే అంటుకుంటుందని అజ్ఞానకాలపు అరబ్బులు నమ్మేవారు. మహాప్రవక్త (స) ఖండించింది ఆ నమ్మకాన్నేనని హదీసు పండితులు వివరించారు. జబ్బు ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలుకురావద్దని ఆదేశించింది కూడా ఆయనే. ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దని, మనమున్న ఊళ్ళోనే ప్లేగు వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని కూడా ఆయన బోధించారు.

క్రీ.శ. 639 ప్రాంతంలో సిరియాలో ప్లేగు చెలరేగింది. అటు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఆ వార్త విని, సహచరులతో సంప్రదించి వెనక్కి మళ్ళారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే వెళుతున్నామని ఆయన బదులిచ్చారు. జాగ్రత్త పడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

తెలుసుకోవలసిన మాటలు

సోకే వ్యాధి, అంటువ్యాధి: సూక్ష్మక్రిముల వల్ల వచ్చేవన్నీ సోకే వ్యాధులే. కాని అవన్నీ మనిషి నుంచి మనిషికి అంటవు. ధనుర్వాతం గాయం ద్వారా వస్తుంది, పక్కవారికి అంటదు. డెంగీ దోమ కాటు వల్ల వస్తుంది. ఆ బిడ్డతో కూర్చున్నంత మాత్రాన మరో బిడ్డకు రాదు, దోమలను అరికట్టాలి. తట్టు, ఆటలమ్మ, గవదబిళ్ళలు మాత్రం పక్కవారికి అంటే వ్యాధులు. ఇక బొల్లి, మూర్ఛ అసలు సోకే వ్యాధులే కావు. ఆ పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం అన్యాయం.

పొదుగు కాలం: క్రిమి ఒంట్లో ప్రవేశించిన నాటి నుంచి లక్షణాలు కనిపించే దాకా పట్టే సమయం. ఆటలమ్మకు ఇది 10 నుంచి 21 రోజులు. తరగతిలో ఒకరికి ఆటలమ్మ వచ్చిందని బడి నుంచి చీటీ వస్తే మన బిడ్డకు జబ్బు వచ్చేసిందని కాదు. మూడు వారాల పాటు గమనిస్తూ ఉండమని అర్థం.

అంటించే కాలం: రోగి నుంచి జబ్బు ఇతరులకు పాకే రోజులు. ఆటలమ్మలో పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్ని పొక్కులూ పెచ్చు కట్టే దాకా. తట్టులో దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల దాకా. గవదబిళ్ళలలో వాపు కనిపించాక అయిదు రోజుల దాకా. ఈ రోజులు గడిచేవరకు బిడ్డను ఇంట్లోనే ఉంచాలి. ఆ తర్వాత డాక్టరు సరేనన్న బిడ్డను ఎవరూ వెలివేయరాదు.

ఐసొలేషన్, క్వారంటైన్: జబ్బు వచ్చినవారిని వేరుగా ఉంచడం ఐసొలేషన్. రోగితో కలిసి మెలిగి, ఇంకా లక్షణాలు లేనివారిని పొదుగు కాలం గడిచేదాకా వేరుగా ఉంచడం క్వారంటైన్. 2020లో కోవిడ్ సమయంలో ఈ రెండు మాటలూ ఇంటింటా వినిపించాయి.

మన ఇళ్ళలో, మక్తబ్‌లో

కళ్ళకలక వచ్చిన బిడ్డ వాడిన సుర్మా పుల్లను, తువ్వాలును మరొకరికి ఇవ్వకూడదు. మక్తబ్‌లో ఒకరి టోపీ ఒకరు పెట్టుకుంటే పేలు, తామర పాకుతాయి. విరేచనాలు ఆగి రెండు రోజులు గడిచే వరకు బిడ్డను బడికి పంపరాదు. ఆటలమ్మను అమ్మవారు అని పిలుస్తూ డాక్టరుకు చూపించని ఇళ్ళూ ఉన్నాయి. అది ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు మాత్రమే. గర్భవతులకు, పసికందులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అది ప్రమాదం కావచ్చు. మనం దాచిన జబ్బు గర్భంతో ఉన్న పంతులమ్మకు సోకితే ఆ బాధ్యత ఎవరిది? తట్టు, రుబెల్లా టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. మొదటి మోతాదు 9-12 నెలల మధ్య, రెండవది 16-24 నెలల మధ్య వేయించాలి.

వ్యాధిగ్రస్తునికి జుమా నమాజు విషయంలోనే ధర్మం మినహాయింపు ఇచ్చింది. అలాంటప్పుడు నాలుగు రోజుల హాజరు కోసం జబ్బుతో ఉన్న బిడ్డను తరగతికి పంపనవసరం లేదు. ఉపాధ్యాయులు కూడా ఆ రోజుల పాఠాన్ని ఇంటికి పంపి సహకరించాలి. ఏదైనా వార్త వస్తే నిర్ధారించుకోవాలని దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశిస్తోంది. ఫలానా బిడ్డకు ఫలానా జబ్బు అనే మాట విన్నప్పుడు కూడా అంతే. నిజం తెలుసుకున్న తర్వాతే నోరు విప్పాలి.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యాన్ని, మనకు అమానతును కాపాడే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.