మాక్రో ఎందుకు ఆగిపోయింది?

సారాదీపంలో స్పిరిటు పోయకుండా అగ్గిపుల్ల వెలిగించి పెడితే ఏమవుతుంది? ఒత్తి కాస్త మాడి ఆరిపోతుంది. తప్పు అగ్గిపుల్లది కాదు, వెలగడానికి కావలసిన పరిస్థితి అక్కడ లేదు. కంప్యూటరులోనూ ఇలాంటిది జరుగుతుంది.

ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీటులో పదే పదే చేసే పనిని వరసగా ఆదేశాలుగా రాసి ఉంచవచ్చు. దానినే మాక్రో అంటారు. 1993లో వచ్చిన ఎక్సెల్ 5 నుండి దీనిని విజువల్ బేసిక్ భాషలో రాయడం వీలయింది. పని మధ్యలో వివరాలు అడగడానికి తెరపై వచ్చే పెట్టె డైలాగ్ బాక్స్. మాక్రోలో 'షో' అనే ఆదేశంతో ఎక్సెల్‌లోని డైలాగును తెరిపించవచ్చు.

నేనొకసారి తొమ్మిదో తరగతి మార్కులకు గ్రాఫు గీసి వేరే షీటులో ఉంచాను. గ్రాఫులోని కడ్డీలపై అంకెలు వేయడానికి 'డేటా లేబుల్' డైలాగును తెరిచే మాక్రో రాశాను. మొదటి రోజు చక్కగా పనిచేసింది. మర్నాడు 1004 అనే దోషసంఖ్య చూపి ఆగిపోయింది. మాక్రోలో ఒక్క అక్షరమూ మారలేదు. మరి మారినదేమిటి? మొదటి రోజు తెరపై గ్రాఫు షీటు ఉంది. మర్నాడు మార్కుల పట్టిక ఉంది. గ్రాఫే ఎదుట లేనప్పుడు లేబుళ్ళు దేనికి వేయాలి? అందుకే ఆ డైలాగు తెరుచుకోలేదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలి?

1. 'డీబగ్' నొక్కండి. మాక్రో ఆగిన వాక్యం పసుపు రంగులో కనిపిస్తుంది.

2. అదే పనిని మాక్రో లేకుండా చేతితో చేసి చూడండి. ఆ ఆదేశం వెలిసిపోయిన రంగులో ఉన్నా, అసలు కనిపించకపోయినా, లోపం పరిస్థితిలో ఉందన్నమాట. వర్క్‌బుక్ ఏదీ తెరవకపోయినా, షీటుకు రక్షణ పెట్టినా కొన్ని డైలాగులు అందవు.

3. డైలాగును పిలిచే ముందు 'గ్రాఫు ఎదుట ఉందా?' అని మాక్రో చేతనే అడిగించండి. 'యాక్టివ్‌చార్ట్ ఈజ్ నథింగ్' అన్న షరతు అందుకు చాలు. లేకపోతే 'ముందు గ్రాఫును తెరవండి' అని చెప్పించండి.

కొందరు 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అని రాసి ఊరుకుంటారు. అప్పుడు దోషం కనిపించదు. అంకెలు లేని గ్రాఫే అచ్చయి వస్తుంది. జ్వరమానిని దాచినంత మాత్రాన జ్వరం తగ్గుతుందా?

ప్రయోగం విఫలమైతే పరికరాన్ని నిందించకండి. పరిస్థితులను ఒక్కొక్కటిగా పరీక్షించండి. ప్రయోగశాలలోనైనా, కంప్యూటరు ముందైనా పద్ధతి ఒక్కటే.