మధ్యాహ్న విరామంలో పరుగు: అర్ధశక్తి, పాదక్రమం

నగరాలలో ఉద్యోగం చేసేవారిలో పరుగు మీద ఆసక్తి పెరగడం సంతోషించదగిన విషయం. అయితే తెల్లవారుజామున సముద్రతీరానికో, మైదానానికో వెళ్ళగల అదృష్టం అందరికీ ఉండదు. పిల్లల బడి, కుళాయి నీళ్ళు, గంటసేపు బస్సు ప్రయాణం – వీటి మధ్య ఉదయం కరిగిపోతుంది. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఇటువంటివారికి రోజు మొత్తంలో తమదంటూ మిగిలేది మధ్యాహ్న భోజన విరామం ఒక్కటే. ఆ వేళ పరుగెత్తవచ్చునా? ఎత్తితే ఎలా? మొదలుపెట్టిన అలవాటు నిలబడేదెలా? ఈ పాఠంలో వీటిని విచారిద్దాం.

ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి.

మా మేనల్లుడు విశాఖపట్నంలో సిరిపురం ప్రాంతంలోని ఒక కార్యాలయంలో ఉద్యోగి. కొన్నేళ్ళ క్రితం నేవీ మారథాన్ చూసిన ఉత్సాహంలో తానూ పరుగు ప్రారంభించాడు. శీతకాలం గనుక మధ్యాహ్నపు ఎండ బాధించలేదు. మొదటి వారంలోనే అరగంట పరుగు, రెండవ వారంలో ముప్పావుగంట. చైత్రం వచ్చినా వేళ మార్చలేదు, వేగం తగ్గించలేదు. ఒకనాడు పరుగు ముగించి, రొప్పుతూనే చల్లగదిలో కుర్చీలో కూర్చుని, పది నిమిషాలలో అన్నం తిన్నాడు. మూడు గంటలకు పిక్కలు పట్టేశాయి. తల తిరిగి వాంతి అయింది. ఆ ఆదివారం ఏటికొప్పాకకు వచ్చి నా ఎదుట కూర్చున్నాడు.

“మిట్టమధ్యాహ్నం పరుగేమిట్రా! శాస్త్రం ఒప్పదు, మానెయ్” అన్నాను. మానేశాడు.

మరుసటి ఏడు సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే పొట్ట పెరిగింది. మెట్లెక్కితే ఆయాసం. పరగడుపు రక్తపరీక్షలో చక్కెర 118. అంటే మధుమేహం గుమ్మంలో నిలబడి ఉందన్నమాట. “మామయ్యా, మీరు మానమన్నారు, మానేశాను. మరెప్పుడు పరుగెత్తాలో మాత్రం చెప్పలేదు” అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. వద్దని చెప్పడం సులభం. ఏది, ఎంత, ఎలా చేయాలో చెప్పడమే వైద్యుని పని. ఆ రాత్రి చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం మళ్ళీ తెరిచాను. గురువుగారి దగ్గర చిన్ననాడే వల్లె వేసిన అధ్యాయమది.

శాస్త్రం వద్దన్నది దేనిని?

వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పని చేసే శక్తి, జఠరాగ్నికి దీప్తి కలుగుతాయనీ, కొవ్వు కరుగుతుందనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. ఎవరు చేయకూడదో కూడా ఆచార్యులు వివరించారు. ఆకలితో ఉన్నవారు, దప్పికతో ఉన్నవారు, కోపంలోనో దుఃఖంలోనో ఉన్నవారు, బరువులు మోసి, దూరాలు నడిచి అలసినవారు మానుకోవాలన్నాడు చరకుడు. అజీర్ణం ఉన్నవారిని వాగ్భటుడు చేర్చాడు. గ్రీష్మంలో వ్యాయామాన్నీ ఎండనూ రెండింటినీ విడువమన్నాడు.

మధ్యాహ్న విరామంలో ఈ ప్రమాదాలలో మూడు ఒకచోట చేరుతాయి: ఆకలి, దప్పిక, ఎండ. అది పిత్తం ప్రబలే వేళ కూడా. కనుక ఈ మూడింటినీ తొలగించుకోగలిగిననాడే ఆ వేళ పరుగుకు యోగ్యం. తొలగించుకోలేని రోజున పరుగు లేదు.

అర్ధశక్తి అంటే ఏమిటి?

బలవంతుడైనా తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని శాస్త్రనియమం. సగమైందని తెలిసేదెలా? నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పడుతుంది. నోరు ఎండుతున్నట్లుంటుంది. ముక్కుతో ఆడే శ్వాస నోటికి వస్తుంది. ఈ గుర్తులు కనిపించిన చోట ఆగాలి. నేటి భాషలో ఇంకొక పరీక్ష చెబుతాను. పరుగెత్తుతూ పక్కవారితో నాలుగు మాటలు తడబడకుండా అనగలగాలి. అనలేకపోతే మీరు సగం దాటారు.

మా ఊరి లక్కబొమ్మల పనిలో ఒక విషయం గమనించాను. గిరగిర తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఒత్తిడి చాలకపోతే లక్క పట్టదు, మించితే పాడవుతుంది. పనివాడి చేతికి ఆ హద్దు తెలుసు. మన దేహంలో పుట్టే వేడి కూడా అంతే. కొంత కావాలి, మించకూడదు. మించితే దప్పిక, నీరసం, దగ్గు, జ్వరం, వాంతి వస్తాయని వాగ్భటుడు హెచ్చరించాడు. మా మేనల్లుడికి వచ్చిన వాంతి ఆ జాబితాలో ఉన్నదే.

పాదక్రమం: అలవాటు నిలిచే ఉపాయం

చెడు అలవాటును విడిచేటప్పుడూ, మంచి అలవాటును పట్టేటప్పుడూ ఒక్కసారిగా కాక, పాదం పాదం చొప్పున, అంటే నాలుగవ వంతు చొప్పున, నడుమ కొన్ని రోజుల వ్యవధి ఇస్తూ మార్చుకోవాలని చరకుడు ఆ ఏడవ అధ్యాయంలోనే చెప్పాడు. అలా క్రమంగా వచ్చిన గుణం స్థిరపడుతుందన్నాడు. పరుగు మొదలుపెట్టి మూడు నెలలలో మానేసేవారిని ఎందరినో చూశాను. వారిలో ఎక్కువమంది సోమరులు కారు, మొదటి వారంలోనే నాలుగు పాదాలూ వేసినవారు.

ఇరవై నిమిషాల పరుగు మన లక్ష్యమనుకుందాం. వారానికి నాలుగు రోజులు చాలు. వారానికి కనీసం 75 నిమిషాల తీవ్ర వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మన లెక్క 80 నిమిషాలకు వస్తుంది. ఆ క్రమాన్ని నేనిలా అమర్చాను:

మొదటి పాదం (రెండు వారాలు): ఒక నిమిషం పరుగు, మూడు నిమిషాల నడక. ఇలా అయిదు సార్లు.

రెండవ పాదం (రెండు వారాలు): రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. అయిదు సార్లు.

మూడవ పాదం (రెండు వారాలు): మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. అయిదు సార్లు.

నాలుగవ పాదం: ఇరవై నిమిషాల నెమ్మది పరుగు.

ఏ పాదంలోనైనా అర్ధశక్తి గుర్తులు ముందుగానే కనిపిస్తే ఇంకొక రెండు వారాలు అక్కడే ఉండాలి. పండుగకో, ప్రయాణానికో వారం రోజులు విరామం వస్తే తిరిగి ఒక పాదం కిందికి దిగి ప్రారంభించాలి. జ్వరం వచ్చి తగ్గితే మొదటి పాదం నుంచే.

మరొక నియమం అన్నిటికంటె ముఖ్యం. పని ఒత్తిడి వలన పరుగు కుదరని రోజున కూడా ఆ వేళను వదలకండి. కార్యాలయపు వరండాలో పది నిమిషాలు నడవండి. వేళ నిలిస్తే అలవాటు నిలుస్తుంది.

గడియారం ప్రకారం

విరామం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర వరకు అనుకుంటే ఈ వరుసను పాటించవచ్చు.

10.45 – ఒక అరటిపండు లేక జామకాయ, గ్లాసు పలుచని మజ్జిగ. ఇది ఆకలినీ దప్పికనూ తీరుస్తుంది, పరుగుకు అడ్డు రాదు.

12.15 – అరగ్లాసు మంచినీళ్ళు. మూత్రవిసర్జన ముగించుకోవాలి. వేగాలను ఆపుకుని పరుగెత్తకూడదు.

12.30 – నూలు దుస్తులు మార్చుకుని అయిదు నిమిషాల నడక.

12.40 – ఇరవై నిమిషాలు ఆనాటి పాదం. వాహనాల రద్దీ లేని, చెట్ల నీడ ఉన్న వీధిని ఎంచుకోవాలి.

1.00 – అయిదు నిమిషాల నడక. ఇది మానరాదు. శ్రమ వలన కలిగే ఆయాసాన్ని బిగబట్టడం వలన గుల్మం, హృద్రోగం, మూర్ఛ కలుగుతాయని చరకుడు వేగధారణ ప్రకరణంలో చెప్పాడు. శ్వాస తనంతట తాను ముక్కుకు దిగేవరకు నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. రొప్పుతూ చల్లగదిలోకి పోరాదు.

1.05 – తడి గుడ్డతో ముఖం, మెడ, చంకలు తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోవాలి. తడి బట్టలతో కూర్చుంటే తొడల సందులలో తామర పుడుతుంది.

1.15 – భోజనం. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. వేపుళ్ళు, ఊరగాయలు ఆ పూట తగ్గించాలి. భోజనం ముందు, పరుగు తరువాత అనే క్రమం ఎన్నడూ పనికిరాదు. తిన్న తరువాత వంద అడుగులు నెమ్మదిగా నడవమనే సుశ్రుతుడు చెప్పాడు.

ఋతువును బట్టి మార్పు

మన కోస్తాలో ఎండ ఒక్కటే శత్రువు కాదు, ఉక్క కూడా. చెమట ఆరినప్పుడే దేహం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ధారగా కారుతుందే గాని ఆరదు, లోపలి వేడి లోపలే నిలుస్తుంది. కనుక విశాఖ, కాకినాడ వంటి చోట్ల ఎండ అంతగా లేదనిపించిన రోజున కూడా వడ తగలవచ్చు.

మార్గశిరం నుంచి మాఘం వరకు అర్ధశక్తి మేరకు పరుగెత్తవచ్చు. కార్తీకం చివర మొదటి పాదం వేస్తే సంక్రాంతి నాటికి నాలుగవ పాదానికి చేరుతారు. ఫాల్గుణంలో రెండవ పాదానికి దిగాలి. వసంతంలో అర్ధశక్తికి శాస్త్రం అనుమతించినా, మన తీరంలో చైత్రానికే ఎండలు ముదురుతాయి గనుక చైత్రం నుంచి ఆషాఢం వరకు మధ్యాహ్నపు బయటి పరుగు పూర్తిగా నిషిద్ధం. ఆ నెలల్లో అదే వేళ నీడపట్టున నడక, నెమ్మదిగా రెండు మూడు అంతస్తుల మెట్లు, కొన్ని ఆసనాలు చాలు. వర్షర్తువులో అగ్ని మందగిస్తుంది. వాగ్భటుడు ఆయాసం కూడదన్నాడు గనుక నడకే మేలు. ఆశ్వయుజంలో ఎండ తీక్ష్ణం, కార్తీకం దాకా ఓపిక పట్టాలి.

అంటే ఏడాదిలో నాలుగు నెలలే పరుగు. ఇది తక్కువని నిరుత్సాహపడకండి. మిగిలిన ఎనిమిది నెలలు వేళను కాపాడుకున్నవారే అయిదేళ్ళ తరువాత కూడా పరుగెత్తుతూ కనిపిస్తారు.

ఇంటి చిట్కాలు

ధనియాల హిమం: రెండు చెంచాల ధనియాలు కచ్చాపచ్చాగా దంచి, గ్లాసు నీళ్ళలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి తాగాలి. పిత్తశాంతికి, దప్పికకు మంచిది. చక్కెర వ్యాధి ఉన్నవారు పటికబెల్లం మానాలి.

వట్టివేళ్ళ నీరు: శుభ్రంగా కడిగిన వట్టివేళ్ళను కుండనీటిలో వేసి ఉంచి, ఆ నీటిని సీసాలో కార్యాలయానికి తీసుకువెళ్ళవచ్చు.

చెమట ఎక్కువగా పట్టిన రోజున: గ్లాసు నీళ్ళలో నిమ్మరసం, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల చక్కెర.

పాదాభ్యంగం: రాత్రి పడుకునే ముందు అరికాళ్ళకు, పిక్కలకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దించి, తుడిచి పడుకోవాలి. పిక్కల నొప్పి తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది. ఆదివారం ఒంటికంతా నూనె రాసి సున్నిపిండితో స్నానం చేస్తే మరీ మంచిది.

ఎవరు చేయరాదు?

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఉబ్బసం, మోకాళ్ళ అరుగుదల ఉన్నవారు, గర్భిణులు, నలభై దాటి కొత్తగా ప్రారంభించేవారు వైద్యుని పరీక్ష లేకుండా పరుగుకు దిగరాదు. చక్కెర వ్యాధికి మాత్రలో, ఇన్సులినో వాడేవారికి భోజనానికి ముందు పరుగు వలన చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. వారు వైద్యుని అనుమతి పొంది, జేబులో పటికబెల్లం ఉంచుకోవాలి. ఛాతీలో పట్టినట్లుండి నొప్పి ఎడమ చేతికో, దవడకో పాకితే చిట్కాలు వెతకక ఆసుపత్రికి పోవాలి. ఎండలో తిరిగినవాడు మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోను చేయాలి. తెలివి తప్పినవాని నోట ఏమీ పోయరాదు.

మా మేనల్లుడు పాదక్రమంలో మళ్ళీ మొదలుపెట్టి ఇప్పటికి మూడు శీతకాలాలు గడిచాయి. మొదటి పాదంలో ఒక్క నిమిషం పరుగెత్తి ఆగవలసి వచ్చినప్పుడు తోటివారు నవ్వారట. ఇప్పుడు వారిలో ఇద్దరు అతనితో కలిసి వెళుతున్నారు. పరగడుపు చక్కెర హద్దులోకి వచ్చింది. అది పరుగు ఒక్కదాని మహిమే అనను, రాత్రి భోజనం ఎనిమిదిన్నరలోపే ముగించడం కూడా అతడు నేర్చుకున్నాడు. మొన్న వేసవిలో ఫోను చేసి, “మామయ్యా, ఎండలు ముదిరాయి, వరండాలోకి మారాను” అన్నాడు. అంతకంటె నాకు కావలసిందేముంది!

మీరూ ఈ కార్తీకం చివర ఒక్క నిమిషంతో ప్రారంభించండి.